ఎలుకల్లో క్యాన్సర్ గడ్డ సగమైతే మనుషులకు ఎందుకు ఇవ్వరు? విటమిన్ సి డ్రిప్ గురించి

నాచారం_శ్రీను
మా బాబాయికి పాంక్రియాస్ క్యాన్సర్. కీమో నడుస్తోంది. పిన్ని తరఫు బంధువు ఒకాయన బంజారాహిల్స్ వైపు ఒక క్లినిక్ గురించి చెప్పి తీసుకెళ్లాడు. అక్కడ విటమిన్ సిని సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారట. ఒక్కసారికి 25 గ్రాములు, వారానికి రెండుసార్లు. వాళ్లిచ్చిన కరపత్రం ఇప్పుడు నా ముందే ఉంది. నిగనిగలాడే కాగితం, పక్కపక్కనే రెండు ఎలుకల ఫొటోలు. ఎడమ ఎలుక డొక్కలో రేగుపండంత గడ్డ, కుడిదానికి శనగగింజంత. కింద లావుపాటి అక్షరాల్లో ‘గడ్డ సగానికి సగం తగ్గింది’ అని ఉంది.

బాబాయికి వైద్యం చేస్తున్న డాక్టరు గారిని అడిగితే ‘వద్దు’ అని ఒక్క మాట అని పక్క రోగి ఫైలు తెరిచారు. క్లినిక్ ఆయన మాత్రం టీ తెప్పించి గంటసేపు ఓపిగ్గా మాట్లాడారు. ఇంట్లో వాళ్లు ఎటు మొగ్గుతారో చెప్పనక్కర్లేదు.

నాకు కావలసింది రెండే ముక్కలు. ఎలుకల్లో పనిచేసిన మాట నిజమా, కాదా? నిజమైతే పెద్దాసుపత్రులు ఎందుకు ఇవ్వడం లేదు?

కాచిగూడ_కబుర్లు
గంటసేపు ఓపిగ్గా మాట్లాడే డాక్టరు ఎదురైతే నేను ముందు జేబు తడుముకుంటాను.

ప్రకృతి_ప్రియ
ఎగతాళి తర్వాత చేద్దురు గాని. అధిక మోతాదు విటమిన్ సి గురించి మొదట చెప్పింది ఊరూపేరూ లేని మనిషి కాదు, రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పౌలింగ్. స్కాట్లాండ్ డాక్టరు ఇవాన్ కామెరాన్‌తో కలిసి 1976లోనే వంద మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. ఇవ్వని వాళ్ల కంటే ఇచ్చినవాళ్లు నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కాలం బతికారు. చవకగా దొరికే పదార్థం, పేటెంటు రాదు. ఎందుకు ఇవ్వరో ఇంకా విడమరిచి చెప్పాలా?

మలక్‌పేట_వెంకట్
ఆ రెండు నోబెళ్లలో ఒకటి రసాయనశాస్త్రానికి, ఇంకొకటి శాంతికి. ఇక ఆ వంద మందిని పోల్చింది ఎవరితో? అదే ఆసుపత్రి పాత రికార్డుల్లోంచి ఏరి తీసిన వెయ్యి మందితో. చీటీలు తీసినట్టు ఎవరికి మందు, ఎవరికి కాదు అని ముందే విడదీయలేదు. తర్వాత అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు పద్ధతిగా రెండుసార్లు పరీక్షించి 1979లో ఒకటి, 1985లో ఒకటి ప్రచురించారు. రోజుకు 10 గ్రాములు ఇచ్చినా ప్రయోజనం కనిపించలేదు. కథ ముగిసింది.

ప్రకృతి_ప్రియ
ముగియలేదు వెంకట్ గారు. మేయో వాళ్లు ఇచ్చింది మాత్రల రూపంలో. కామెరాన్ మొదట కొన్ని రోజులు నరంలోకి ఎక్కించి, తర్వాతే నోటి మందుకు మార్చారు. రెండూ ఒకటేనా?

మలక్‌పేట_వెంకట్
విటమిన్ విటమినే కదా, ఏ దారిన వెళితే ఏమిటి?

ప్రయోగశాల_శారద
ఈ విషయంలో ప్రియ గారిదే సరైన మాట. నోటితో ఎంత మింగినా పేగు ఒక హద్దు దాటి లోపలికి రానివ్వదు. మిగిలింది విరేచనంలో పోతుంది, రక్తంలో కలిసింది కూడా మూత్రపిండాల ద్వారా త్వరగానే బయటికి వెళ్లిపోతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మార్క్ లెవిన్ బృందం దీన్ని లెక్కగట్టి 2004లో ప్రచురించింది. నోటి ద్వారా ఎంత ప్రయత్నించినా రక్తంలో లీటరుకు సుమారు 220 మైక్రోమోల్ దగ్గర ఆగిపోతుంది. నరంలోకి ఎక్కిస్తే 13,000 దాటుతుంది. ఆ మోతాదులో విటమిన్ సి స్వభావమే మారిపోతుంది. మనం విన్న యాంటీఆక్సిడెంట్ పని పక్కనపెట్టి, కణాల చుట్టూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. క్యాన్సర్ కణాలను చంపేది అదే. మళ్లీ ఈ విషయాన్ని పరిశోధకులు పట్టించుకోవడం మొదలైంది ఇక్కడి నుంచే.

శ్రీను గారూ, మీ కరపత్రానికి ఆధారం బహుశా అదే బృందం 2008లో ప్రచురించిన ఎలుకల పని అయి ఉంటుంది. జీనోమ్ వ్యాలీలో ఒక సంస్థ జంతుశాలలో చాలాకాలం పనిచేశాను కాబట్టి ఆ కాగితం చదివాను. ఫలితం నిజమే. కానీ ఏ ఎలుకలు, ఏ గడ్డలు, ఏమి కొలిచారు అన్నది చూడాలి.

అవి థైమస్ గ్రంథి లేకుండా, ఒంటి మీద వెంట్రుక లేకుండా పుట్టే రకం చిట్టెలుకలు. రోగనిరోధక శక్తిలో ముఖ్యమైన టి కణాలు వాటికి ఉండవు. అందుకే మనిషి క్యాన్సర్ కణాలను చర్మం కింద ఎక్కించినా వాటి ఒళ్లు తిప్పికొట్టదు, గడ్డ ఎదుగుతుంది. అండాశయం, పాంక్రియాస్, మెదడు క్యాన్సర్ కణాలతో ఇలా గడ్డలు పెంచి, శరీర బరువులో కిలోకు 4 గ్రాముల లెక్కన విటమిన్ సిని పొట్టలోకి సూదితో ఇచ్చారు. మందు ఇవ్వని ఎలుకలతో పోలిస్తే గడ్డల పెరుగుదల, బరువు 41 నుంచి 53 శాతం తక్కువగా ఉన్నాయి.

‘మందు ఇవ్వని వాటితో పోలిస్తే’ అన్న ముక్కను కరపత్రం మింగేసింది. ఉన్న గడ్డ కరిగి సగం కాలేదు, మందు ఇచ్చిన ఎలుకల్లోనూ గడ్డ పెరిగింది, కాకపోతే నెమ్మదిగా. ఏ ఎలుకకూ జబ్బు నయమైందని వాళ్లే రాసుకోలేదు.

నాచారం_శ్రీను
అయితే కరపత్రంలో ఉన్నది పచ్చి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు అన్నమాట. శారద గారూ, గడ్డను ఎలా కొలుస్తారు? స్కానింగా?

ప్రయోగశాల_శారద
చర్మం కింద గడ్డకు స్కానింగ్ అక్కర్లేదు, రెండు దవడల మధ్య పెట్టి కొలిచే కాలిపర్స్ అనే పనిముట్టు చాలు. ఎడమ చేత్తో మెడ వెనక చర్మం బిగించి పట్టుకుని, ఎలుకను తిప్పి గడ్డ పొడవు, వెడల్పు కొలుస్తాం. వెడల్పును వెడల్పుతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, రెండుతో భాగిస్తే ఘనపరిమాణం వస్తుంది. మందు సూది వేసేటప్పుడు తల కిందికి వంచాలి, పేగులు ఛాతీ వైపు జారతాయి. అప్పుడు పొట్ట కింది భాగంలో కుడివైపు సూది దించాలి. తొందరపడితే పేగులో గుచ్చుకుంటుంది, ఆ ఎలుక లెక్కలోంచి పోయినట్టే.

ఈ కొలతలో ఒక తిరకాసు ఉంది. గడ్డ పొడవు 10 మిల్లీమీటర్లు, వెడల్పు 8 అనుకోండి. లెక్క 320 వస్తుంది. అదే వెడల్పు 7 అని చదివితే 245. కాలిపర్స్ కాస్త గట్టిగా నొక్కితే చాలు, గడ్డలో దాదాపు నాలుగోవంతు కాగితం మీదే మాయమవుతుంది. అందుకే కొలిచే మనిషికి ఏ బోనులో మందు పడింది, ఏ బోనులో ఉప్పునీరు పడింది తెలియకూడదు. ఎలుకల ఫలితం అంటూ ఎవరైనా ఏదైనా చూపిస్తే నేను ముందు అడిగేది ఇదే.

మలక్‌పేట_వెంకట్
కిలోకు 4 గ్రాములా! అంటే 60 కిలోల మనిషికి 240 గ్రాములు. క్లినిక్ వాళ్లు ఎక్కించేది 25. ఎలుకల ఫలితం చూపించి అందులో పదో వంతు మందు అమ్ముతున్నారా?

లెక్కల_మూర్తి
తొందరపడకు వెంకట్. ఎలుక మోతాదును బరువుతో నేరుగా హెచ్చించకూడదు. చిన్న జంతువు ఒళ్లు మందును చాలా వేగంగా ఖర్చు చేస్తుంది. అందుకని శరీర ఉపరితలాన్ని బట్టి మార్చే పద్ధతి ఉంది. చిట్టెలుకకు కిలోకు ఇచ్చినదాన్ని సుమారు 12.3తో భాగిస్తే మనిషికి కిలోకు ఎంతో వస్తుంది. 4ను భాగిస్తే 0.325 గ్రాములు. 60 కిలోలకు దాదాపు 20 గ్రాములు. కాబట్టి 25 అన్నది గాల్లోంచి ఊడిపడిన అంకె కాదు.

ప్రకృతి_ప్రియ
లెక్కల మాస్టారికి దండం.

లెక్కల_మూర్తి
దండం దాచుకోండి, సగమే చెప్పాను. ఆ సూత్రం ఉన్నది కొత్త మందును మనిషికి మొట్టమొదట ఎంత తక్కువతో మొదలుపెడితే ప్రమాదం ఉండదో తేల్చడానికి. ఎంతతో పని జరుగుతుందో చెప్పడానికి కాదు. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో ఎంత వాడారో చూడండి, 25కూ వాటికీ పొంతన ఉండదు.

ఉప్పల్_రామం
అసలు ఉసిరికాయలో విటమిన్ సి బోలెడు ఉంటుంది. మా ఇంట్లో కార్తీకంలో పెట్టిన ఉసిరి పచ్చడి సంవత్సరం పొడుగునా

కాచిగూడ_కబుర్లు
రామం గారు పచ్చడి తింటూ వాక్యం మధ్యలో ఆగిపోయారు.

వేదిక_నిర్వాహకుడు
ఉసిరి గురించి వంటల విభాగంలో రాసుకోండి. ఇక్కడ చూసిన మోతాదులు ఎవరూ సొంతంగా వాడకండి.

తార్నాక_పాతకాపు
మీరందరూ వదిలేసిన ముక్క ఒకటి ఉంది. చిట్టెలుక తన విటమిన్ సి తానే తయారుచేసుకుంటుంది. కుక్క, పిల్లి, ఆవు కూడా అంతే. చక్కెర నుంచి విటమిన్ సి చేసే వరసలో ఆఖరి ఎంజైము మనకు లేదు. దాని జన్యువు మన పూర్వీకుల్లోనే ఎప్పుడో చెడిపోయింది. కోతులకు, గినీ పిగ్గులకు కూడా లేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు తమ పరిశోధనను పావురాల నుంచి గినీ పిగ్గులకు మార్చారు. ధాన్యం తప్ప ఏమీ పెట్టకపోయేసరికి వాటికి స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు, వచ్చింది. వాళ్లు ఎలుకలను ఎంచుకుని ఉంటే ఎన్నాళ్లు పెట్టినా స్కర్వీ వచ్చేది కాదు, విటమిన్ సి కథ ఎంత ఆలస్యమయ్యేదో!

మా తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉందిగా. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. దేశమంతటా ప్రయోగశాలలకు జంతువులు అక్కడి నుంచి వెళ్లేవి. ఆ గోడ పక్కన పెరిగిన వాళ్లం, ఏ ప్రయోగానికి ఏ జంతువు అన్నది మాకు పిల్లప్పటి నుంచీ కబుర్లలో భాగం.

నాచారం_శ్రీను
అంటే ఎలుక ఒంట్లో ఎప్పుడూ కావలసినంత ఉంటుంది, దాని మీద ఇంకా పోశారు. బాబాయి విషయం వేరు. కీమోతో ఆకలి చచ్చి సరిగ్గా తినడం లేదు. ఎలుక ఫలితం అందుకే పనికిరాదంటారా?

ప్రయోగశాల_శారద
అందుకే పనికిరాదు అనలేం. నరంలోకి ఎక్కించినప్పుడు రక్తంలో చేరే మోతాదు ముందు ఈ తేడా చాలా చిన్నది. ఆ జన్యువును తీసేసిన చిట్టెలుకలు కూడా ఉన్నాయి, మనలాగే విటమిన్ సి తినాల్సిన రకం. ప్రశ్నను బట్టి వాటినీ వాడతారు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది టి కణాల సంగతి. 2020లో ఇటలీ వాళ్లు మామూలు నిరోధక శక్తి ఉన్న చిట్టెలుకల్లో చూస్తే విటమిన్ సి ప్రభావంలో ముఖ్యమైన పాత్ర టి కణాలదే అని తేలింది. అంటే 2008 నాటి ఎలుకల్లో అసలు లేని భాగమే ఇక్కడ పనిచేసింది. ఒకే మందు, రెండు రకాల ఎలుకలు, రెండు వేర్వేరు కథలు. మీ బాబాయిది ఏ కథ అన్నది ఎలుక చెప్పలేదు.

మలక్‌పేట_వెంకట్
అదే 2008లో న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ కేంద్రం వాళ్లు ఇంకో ఎలుకల ఫలితం ప్రచురించారు. విటమిన్ సి ముందుగా ఇస్తే కీమో మందు బలం తగ్గింది. డాక్సోరుబిసిన్ ఒక్కటే ఇచ్చిన ఎలుకల కంటే విటమిన్ సి కలిపి ఇచ్చిన వాటిలో గడ్డలు పెద్దవి. ఈ ఫొటో ఏ క్లినిక్ కరపత్రంలోనూ కనిపించదేం?

ప్రయోగశాల_శారద
కనిపించదు. కానీ అది విటమిన్ సికి చెందిన వేరే రూపం, ఇచ్చిన సమయమూ వేరు, మోతాదూ వేరు. నాకు నచ్చని ఫలితం కాబట్టి పక్కన పెట్టమనను, నచ్చింది కాబట్టి నెత్తిన పెట్టుకోమనీ అనను.

సైదాబాద్_సుజాత
మా ఆయన సిగరెట్ మానడు. దానికి విరుగుడని విటమిన్ ఇ, బీటా కెరోటిన్ మాత్రలు డబ్బాలకు డబ్బాలు తెప్పించుకుంటాడు. విటమినే కదా, పోయేది ఏముంది అని నేనూ ఊరుకున్నాను. పోయేది ఉందా?

రాత్రి_డ్యూటీ
ఉంది సుజాత గారూ, ముఖ్యంగా సిగరెట్ తాగేవాళ్లకు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్షించి 1994లో ప్రచురించారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో ఇంకో పెద్ద ప్రయోగాన్ని ఇదే కారణంగా 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ. విటమిన్ ఇ మీద 35 వేల మందికి పైగా మగవాళ్లతో జరిగిన ప్రయోగంలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. ఇవాళే డబ్బా దాచేయండి. సిగరెట్ డబ్బా కూడా.

ప్రయోగశాల_శారద
దీనికి ఎలుకల్లో సమాధానం తర్వాత దొరికింది. 2014లో స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఊపిరితిత్తుల గడ్డలు పుట్టే చిట్టెలుకలకు విటమిన్ ఇ పెట్టారు. గడ్డలు వేగంగా పెరిగాయి, ఎలుకలు తొందరగా చచ్చిపోయాయి. కణంలో డీఎన్‌ఏ దెబ్బతింటే ‘పీ53’ అనే ప్రొటీను లేచి పెరుగుదలను ఆపాలి. విటమిన్ ఇ ఆ దెబ్బను తగ్గించేసరికి ఆ కాపలాదారు నిద్ర లేవలేదు. ఇక్కడ మనుషుల్లో చేదు అనుభవం ముందు వచ్చింది, ఎలుక వెనక నుంచి కారణం చెప్పింది.

కాచిగూడ_కబుర్లు
సుజాత గారి ఆయన ఈ వేదిక చదవకుండా చూడండి, రెండు డబ్బాలూ పోయాయని తెలిస్తే మన మీద కేసు వేస్తాడు.

భీమవరం_మాస్టారు
ఇంత మాట్లాడుకుంటూ మనవాడిని మరిచిపోతే ఎలా? విటమిను, క్యాన్సరు, ఎలుకలు అనగానే తెలుగువాడు మొదట తలవాల్సిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే పేగుల జబ్బుకు సొంత అన్నదమ్ములను పోగొట్టుకున్నాడు. చివరికి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధన డైరెక్టర్ అయ్యాడు. బి విటమిన్ల కుటుంబంలోని ఫోలిక్ ఆమ్లాన్ని 1945 ప్రాంతంలో కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే.

ఇప్పుడు అసలు కథ వినండి. దాదాపు అదే సమయంలో న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో లెవిసోన్ అనే వైద్యుడి బృందం రొమ్ము గడ్డలు వాటంతట అవే పుట్టిన చిట్టెలుకలకు ఫోలిక్ ఆమ్లం రకం పదార్థాన్ని ఇచ్చింది. కొన్నింటిలో గడ్డలు పూర్తిగా పోయాయని ప్రకటించారు. శ్రీను చూపిన కరపత్రం కంటే పెద్ద వార్త! తగ్గడం కాదు, పోవడం. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ ఆశతోనే లెడర్లీ నుంచి ఫోలిక్ ఆమ్లం తాలూకు పదార్థాలు తెప్పించి క్యాన్సర్ రోగులకు ఇచ్చాడు. ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లల్లో ఏమైంది? జబ్బు తగ్గడానికి బదులు దూకుడు పెరిగినట్టు కనిపించింది.

వేరొకరైతే చేతులు దులుపుకునేవారు. ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు. ఈ విటమిన్ పెడితే రెచ్చిపోతున్న కణాలకు అది అందకుండా చేస్తే ఏమవుతుంది? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ కణాన్ని బోల్తా కొట్టించే అమినోప్టెరిన్ తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. పిల్లల్లో వేగంగా ముదిరే ల్యుకేమియాను వెనక్కి తగ్గించే మందు దొరకడం అదే మొదలు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉంది.

ఎలుక విటమిన్ ఇవ్వమంది. పిల్లల ఒళ్లు దాన్ని ఆపమంది.

మలక్‌పేట_వెంకట్
మాస్టారూ, మా అమ్మకు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కరోజే. వేరే రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఒకదానికొకటి శత్రువులైతే రెండూ ఎందుకు రాస్తారో నాకు ఇప్పుడు అర్థమైంది, మందు తెచ్చే ఇబ్బందులను మాత్ర సర్దుతుందన్నమాట.

రాత్రి_డ్యూటీ
వెంకట్ గారూ, ఆ వారానికి ఒక్కరోజు అన్నది మాత్రం గోడ మీద రాసి పెట్టండి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లను చూశాను.

ప్రకృతి_ప్రియ
మాస్టారి కథ బాగుంది. అయితే విటమిన్‌తో క్యాన్సర్ నయం కాదని దాని అర్థమా? విటమిన్ ఏ సంగతి ఏమిటి? మా ఆడపడుచు కొడుక్కి ఒక రకం ల్యుకేమియాకు విటమిన్ ఏ నుంచి వచ్చిన మందే ఇచ్చారు. వాడు ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

రాత్రి_డ్యూటీ
అది ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అయి ఉంటుంది, మందు ఆల్ ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం. విటమిన్ ఏ కుటుంబమే. ముందు ప్రయోగశాలలో మనిషి ల్యుకేమియా కణాల మీద చూశారు, ఎదగకుండా ఆగిపోయిన కణాలు ఎదిగి మామూలు తెల్లకణాల్లా మారాయి. తర్వాత షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం 24 మంది రోగులకు ఇచ్చి 1988లో ఫలితాలు ప్రచురించింది. అందరికీ జబ్బు అణిగిపోయింది, ఒక్కరికి మాత్రమే తోడుగా కీమో అవసరమైంది. ఒకే రకం ల్యుకేమియా, అందులో ఒకే జన్యులోపం, దానికి సరిగ్గా అతికే మందు. విటమిన్ ఏ మాత్రలు ఎన్ని మింగినా ఇది జరగదు, ఎక్కువైతే కాలేయం పాడవుతుంది.

నాచారం_శ్రీను
అందరికీ ధన్యవాదాలు. కానీ నా రెండో ప్రశ్న అలాగే ఉంది. విటమిన్ సిని నరంలోకి ఎక్కించి మనుషుల మీద సరిగ్గా పరీక్షించారా, లేదా? లెక్కల మాస్టారు ఏదో మొదలుపెట్టి వదిలేశారు.

లెక్కల_మూర్తి
వదల్లేదు, మనవడిని బడి నుంచి తేవడానికి వెళ్లాను.

రెండు చెబుతాను. మొదటిది చైనాలో, 2022లో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ వేరే చోట్లకు పాకిన 442 మంది. సగం మందికి కీమో, సగం మందికి కీమోతో పాటు కిలోకు 1.5 గ్రాముల విటమిన్ సి, ప్రతి విడతలో మూడు రోజులు. మొత్తం మీద జబ్బు మళ్లీ ముదరకుండా ఉన్న కాలం విటమిన్ సి కలిపినవాళ్లలో 8.6 నెలలు, కీమో ఒక్కటే అయినవాళ్లలో 8.3 నెలలు. తేడా లేనట్టే. ఆర్‌ఏఎస్ అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో మాత్రం అదే వరసలో 9.2, 7.8. ఆ చిన్న గుంపును మళ్లీ విడిగా పరీక్షించి చూడాలి.

రెండోది మీకు ముఖ్యం, ఎందుకంటే అది పాంక్రియాస్ క్యాన్సర్ మీదే. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం, 2024. జబ్బు పాకిన 34 మంది. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ల ఆయుష్షు మధ్యగతం, అంటే సగం మంది దాటిన కాలం, 8.3 నెలలు. కీమోతో పాటు ఒక్కసారికి 75 గ్రాముల విటమిన్ సి, వారానికి మూడుసార్లు తీసుకున్నవాళ్లది 16 నెలలు.

ప్రకృతి_ప్రియ
చూశారా! రెట్టింపు! ఇంకా ఏం కావాలి?

మలక్‌పేట_వెంకట్
ఇంకా మనుషులు కావాలి. 34 మంది, అంటే ఒక్కో గుంపులో 17 మందో ఎంతో. నలుగురు అటు ఇటు అయితే అంకె మారిపోతుంది. పైగా పక్కవాడికి ఏం ఎక్కుతోందో రోగికీ డాక్టరుకూ తెలుసు. పేటెంటు రాదనే ఇవ్వరన్నట్టు మాట్లాడారు కదా, అలా తొక్కిపెడితే ఈ ప్రయోగం ఎలా జరిగింది, పత్రికలో ఎలా వచ్చింది?

ప్రయోగశాల_శారద
నేను వెంకట్ గారంత కఠినంగా ఉండను. ఈ జబ్బులో 16 నెలలు చిన్న మాట కాదు, పెద్ద ప్రయోగం జరిగి తీరాలి. కానీ గమనించండి. అక్కడ 75 గ్రాములు, ఇక్కడ 25. అక్కడ వారానికి మూడు, ఇక్కడ రెండు. అక్కడ కీమో ఇచ్చే బృందమే ఇదీ ఇచ్చి కనిపెట్టి చూసింది, ఇక్కడ కీమో ఒకచోట, డ్రిప్ ఇంకోచోట, ఒకరితో ఒకరికి మాట లేదు. మంచి ఫలితం అయోవాదైతే దాన్ని చూపించి ఇక్కడ అమ్ముతున్నది వేరే వస్తువు.

కోఠి_మందులషాపు
నలభై ఏళ్లుగా మందులు అమ్ముతున్నవాడిని. విటమిన్ సి ఇంజెక్షన్ ధర నాకు తెలుసు, డ్రిప్‌కు వాళ్లు తీసుకునే డబ్బూ విన్నాను. పేటెంటు లేని మందులో లాభం ఉండదని ఎవరన్నారు?

కరుణ_పద్మారావునగర్
ఒక్క విషయం అడుగుతాను, తిట్టకండి. ఒక ఎలుక ఇటు, ఒక ఎలుక అటు చెప్పేటప్పుడు అన్ని ప్రాణాలు ఎందుకు తీయడం?

ప్రయోగశాల_శారద
తిట్టను, మాకు ఆ ప్రశ్న ప్రతిరోజూ ఉంటుంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద కేంద్ర కమిటీ ఉంది, ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉండాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, అంతకంటే తక్కువతో ఎందుకు కుదరదు అని ముందే రాసి ఒప్పించాలి. గడ్డ ఒక పరిమాణం దాటినా, ఎలుక తిండి మానేసినా ప్రయోగం అక్కడికి ఆపాల్సిందే. కరుణ గారూ, ఇందులోనే ఇంకో సంగతి ఉంది. చాలా ఎలుకల ప్రయోగాలు కొన్ని వారాల్లో ముగిసిపోతాయి. ఎంతకాలం బతికింది అన్నది చాలాసార్లు కొలవనే కొలవరు. మనం మాత్రం ఆ ఫొటో చూసి ఆయుష్షు లెక్కగడతాం.

రాత్రి_డ్యూటీ
శ్రీను గారూ, వాదన ఎటు తేలినా ఇవి రాసుకోండి. అధిక మోతాదు విటమిన్ సి డ్రిప్ ఎక్కించే ముందు జీ6పీడీ అనే ఎంజైముకు రక్తపరీక్ష చేయాలి. ఆ ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకు అధిక మోతాదు విటమిన్ సి ఎక్కితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మన దేశంలో ఆ లోపం ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు, మగవాళ్లలో ఎక్కువ. కిడ్నీ బలహీనంగా ఉంటే విటమిన్ సి విరిగి ఆక్సలేట్ అనే లవణంగా మారి అక్కడే పేరుకుంటుంది.

బాబాయికి షుగర్ ఉందా? పాంక్రియాస్ జబ్బులో చాలామందికి ఉంటుంది. డ్రిప్ తర్వాత కొన్ని గంటలపాటు ఇంట్లో వేలికి గుచ్చి చూసే కొన్ని మీటర్లు విటమిన్ సిని చక్కెర అనుకుంటాయి. లేని షుగర్ నాలుగు వందలు చూపిస్తాయి. అది నమ్మి ఇన్సులిన్ వేస్తే అసలు షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. ఒక రాత్రి మా వార్డుకు అలాగే ఒక పెద్దాయన వచ్చారు. వెంట వచ్చినవాళ్లు మీటరు చూపిస్తూ ‘ఇంకా ఎక్కువే ఉంది సిస్టర్’ అంటున్నారు. ల్యాబ్‌కు రక్తం పంపితే తప్ప సంగతి బయటపడలేదు.

నాచారం_శ్రీను
షుగర్ ఉంది. ఇన్సులిన్ మీదే ఉన్నారు. క్లినిక్‌లో ఈ పరీక్ష మాటే ఎత్తలేదు, మీటరు సంగతీ చెప్పలేదు.

తార్నాక_పాతకాపు
అంత ఓపిగ్గా గంటసేపు ఏం చెప్పినట్టు మరి?

లెక్కల_మూర్తి
శ్రీను, ప్రశ్నలు కాగితం మీద రాసి ఆసుపత్రి డాక్టరు గారి చేతికి ఇవ్వు. నోటితో అడిగితే ‘వద్దు’ అంటారు, కాగితం ఇస్తే చదువుతారు. మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ఉంటాయి, ఎవరైనా వెతుక్కోవచ్చు. నిజమైన ప్రయోగంలో పరీక్షించే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. క్లినిక్ వాళ్లు ‘మేమూ పరిశోధన చేస్తున్నాం’ అంటే రిజిస్ట్రేషన్ నంబరు అడుగు.

నాచారం_శ్రీను
కాగితం పని చేసింది. ఇవాళ డాక్టరు గారు కూర్చోబెట్టి మాట్లాడారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాబాయికి ఇప్పటికే హద్దు అంచున ఉందట, అందుకే ఆ రోజు వద్దన్నారట. అయోవా ఫలితం ఆయనకు తెలుసు, పెద్ద ప్రయోగం వస్తే చూద్దాం, ఇప్పుడు ఈ కిడ్నీలతో ఎవరు ఎక్కిస్తానన్నా ఒప్పుకోను అన్నారు. పిన్నికి నేను చెప్పినప్పుడు ఎక్కలేదు, ఆయన నోటితో విన్నాక సరేనంది.

క్లినిక్‌కు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ‘ఇది చికిత్స, ప్రయోగం కాదు’ అన్నారు. ముందుగా కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరట, చర్మకాంతి డ్రిప్‌కు వాడుకోవచ్చట.

కాచిగూడ_కబుర్లు
మీ ఇంట్లో చర్మకాంతి ఎవరికి తక్కువైంది?

కోఠి_మందులషాపు
రసీదు ఉందా? దాని మీద ఏం రాసి ఉంది?

నాచారం_శ్రీను
ఉంది. ‘వెల్‌నెస్ ప్యాకేజీ’ అని రాశారు. క్యాన్సర్ అన్న మాట ఎక్కడా లేదు.

లెక్కల_మూర్తి
కరపత్రంలో ఉంది కదా. రసీదు, కరపత్రం రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకో. ముందు క్లినిక్‌కు రాతపూర్వకంగా డబ్బు వెనక్కి అడుగు. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయి. అర్జీ తెలుగులో నేను రాసి పెడతాను, మొత్తం ఎంత కట్టారో, ఏ తేదీన కట్టారో నాకు విడిగా పంపు.